తవ్వి వదిలేసిన గోతిలో జంతువులు

అమెరికాలో, టెక్సాస్‌లోని కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు శాన్ ఆంటోనియో జూ టికెట్ ధర ఫోనులో చూడగానే మా ఆవిడ "నేను కారులనే కూసుంటా, మీరు పోయి రండి" అంది. మనిషికి ముప్ఫై డాలర్ల పైమాటే. మనవడి బొమ్మ రైలు, మధ్యాహ్నం తిండి అన్నీ కలిపితే మహారాష్ట్రలోని మా బల్లార్‌పూర్‌లో మా ఇద్దరికీ రెండు నెలల సరుకులు వస్తాయి. "పులిని చూసుడుకు ఇన్ని పైసలా? మా తమ్ముని ఇంటెనుకనే తిరుగుతది కదా" అని అడిగింది. నిజమే. మా బావమరిది ఉండేది చంద్రపూర్ పక్కన దుర్గాపూర్‌లో. ఆ పులి సంగతి తర్వాత చెప్తాను. కూతురు అప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసింది కాబట్టి అందరం లోపలికి వెళ్లాం.

జూలంటే నాకు మొదటి నుంచీ పడదు. చిన్నప్పుడు ఒక పెద్ద ఊళ్లో చూసిన పులి బోను ఇంకా కళ్లలోనే ఉంది. సిమెంటు నేల, ఇనుప చువ్వలు, ఈ మూల నుంచి ఆ మూలకు ఆగకుండా తిరుగుతున్న జంతువు. చుట్టూ జనం వేరుశనగ కాయలు విసురుతున్నారు. ఆ తర్వాత ఎవరు జూకు రమ్మన్నా ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేవాణ్ణి. టెక్సాస్‌లో మనవడు చెయ్యి పట్టుకుని లాగితే తప్పలేదు.

కొంతసేపు అందరిలాగే నడిచాను. ఎలుగుబంట్ల దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. నన్ను ఆపింది ఎలుగుబంటి కాదు, దాని వెనకున్న గోడ. తెల్లటి సున్నపురాయి, నిటారుగా, ఇంటి కప్పును దాటేంత ఎత్తు. వాన కొట్టిన కొండరాయి అలా ఉండదు. ఎండకూ నీటికీ అరిగిన రాయికి అంచులు గుండ్రబడతాయి, వాలు వస్తుంది. మనిషి తవ్వి తీసుకుపోతేనే రాయి అంత నిటారుగా నిలబడుతుంది. ఉద్యోగ జీవితమంతా వార్ధా నది అవతల, రాజురా వైపు ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గనిలో చేశాను. మొదట కూలీల మీద సర్దారుగా, రిటైరయ్యేనాటికి సర్దారుల పైన ఓవర్‌మన్‌గా. తవ్విన గోడ నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"ఇది క్వారీ" అన్నాను అల్లుడితో.

"అవును మామయ్యా, ఒకప్పుడు రాతి క్వారీ. మీకు చెప్పాలనుకుంటూనే మర్చిపోయాను" అన్నాడు.

ఇక అక్కడి నుంచి నేను జంతువులను సగం, గోడలను సగం చూశాను. మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోతుంటే బోర్డులు చదివాను, చదవలేనివి అల్లుడి చేత చదివించుకున్నాను. ఈ బ్రాకెన్‌రిడ్జ్ పార్కు ప్రాంతంలో స్పెయిన్ వాళ్ల కాలం నుంచే ఇళ్లకూ చర్చిలకూ రాయి తీశారు. 1880లో ఇక్కడి రాయి సిమెంటుకు పనికొస్తుందని తెలిసి ఫ్యాక్టరీ పెట్టారు. మిసిసిపీ నదికి పడమట పోర్ట్‌లాండ్ సిమెంటు తయారుచేసిన మొదటి ఫ్యాక్టరీ అదేనంటారు. ఆస్టిన్‌లో మేం రోజూ కారులో దాటిపోయే రాష్ట్ర అసెంబ్లీ భవనం ఉంది కదా, 1888లో పూర్తయిన ఆ భవనానికి ఇక్కడి సిమెంటే వెళ్లింది. 1908లో కంపెనీ ఊరికి ఉత్తరాన కొత్త క్వారీకి మారిపోయింది. ఇక్కడ గొయ్యి మిగిలింది.

పార్కు పేరులో ఉన్న బ్రాకెన్‌రిడ్జ్ ఆ ఊళ్లో బ్యాంకరు, నీటి సరఫరా కంపెనీ యజమాని. పార్కు స్థలాన్ని 1899లో ఊరికి రాసిచ్చాడు. 1914లో ఆ స్థలంలోనే అడవి దున్నలు, జింకలు, కోతులు, సింహాలు, ఎలుగుబంట్లు తెచ్చి పెట్టాడు. జూ అలా మొదలైంది. 1928లో దాన్ని నడపడానికి ఒక సొసైటీ ఏర్పడింది. 1929 నవంబరులో చువ్వలు లేని ఎలుగుబంట్ల ఆవరణ, కోతుల ఆవరణ తెరిచారు. అమెరికాలో బోనులు లేని మొట్టమొదటి ఆవరణల్లో ఇవి కూడా ఉన్నాయి.

చువ్వలు తీసేసి కందకం అడ్డం పెట్టే పద్ధతిని పెద్ద ఎత్తున చూపించినవాడు జర్మనీకి చెందిన కార్ల్ హాగెన్‌బెక్. 1907లో హాంబర్గ్ దగ్గర అలాంటి జూ తెరిచాడు. కృత్రిమంగా కొండలు కట్టి, ముందు కందకం తవ్వి, జంతువుకూ చూసేవాడికీ మధ్య ఏమీ లేనట్టు అమర్చాడు. దానికి చాలా ఖర్చవుతుంది. క్వారీలో ఆ ఖర్చు చాలా తగ్గిపోతుంది, ఎందుకంటే మూడు వైపులా గోడ ముందే సిద్ధంగా ఉంటుంది. ఎలుగుబంటి ఎక్కలేదు, పులి దూకలేదు. నాలుగో వైపు కందకం తవ్వితే చాలు. నేల గట్టిగా ఉంటుంది, కింద నుంచి సొరంగం చేసుకుని పారిపోయే భయం తక్కువ. గోడలో గుహలు చెక్కితే జంతువు ఎండకు అందులోకి పోతుంది. మేం గనిలో బెంచీ వేసేటప్పుడు, అంటే గోడను మెట్లు మెట్లుగా కోసేటప్పుడు, గోడ ఎత్తు ఎంత, వాలు ఎంత, పైనుంచి రాయి రాలకుండా ఏం చేయాలి అని ఎంత ఆలోచిస్తామో, ఈ జూ కట్టినవాళ్లు కూడా అదే ఆలోచించి ఉంటారు. ఆ లెక్కలన్నీ ఒక జంతువు కాళ్లు చాపుకుని పడుకోవడానికి పనికొచ్చాయి. అది చూస్తుంటే నాకు చాలా సంతోషమేసింది. మనవడు "తాతా, కిందున్న బేర్‌ని చూడు, పైన గోడ కాదు" అని ఎన్నిసార్లు అన్నాడో.

గోడ నీడ పడే చోట చల్లగా ఉంది. ఎండ పడే గోడ దగ్గర సాయంత్రమైనా సెగ కొడుతోంది. అది మాకు బాగా తెలిసిన సెగ. మే నెలలో చంద్రపూర్‌లో 46, 47 డిగ్రీలు ఉన్నప్పుడు గని అడుగున రెండో షిఫ్టు చేసినవాళ్లను అడగండి. అందుకే ఒక అనుమానం మాత్రం తీరలేదు. మంచు దేశాల జంతువులను ఇలాంటి వేడి గోతిలో పెడితే వాటికి కష్టమే కదా? ఏ జంతువుకు ఏ గోడ ఇవ్వాలన్నది కూడా చూసుకోవాలి. ఆ ఊరికి ఆ వేడిని తట్టుకునే జంతువులే సరైనవి అనిపించింది.

మా ఆవిడకు నచ్చింది జూ కాదు, దాని పక్కనున్న జపాన్ తోట. అది కూడా అదే క్వారీలో ఇంకో గొయ్యి, లోపలికి వెళ్లడానికి డబ్బులు అక్కర్లేదు. రాతి గోడ మీది నుంచి జలపాతం, కింద తామర కొలను, దాని మీద రాతి వంతెనలు. పై అంచున నిలబడి చూస్తే ఆ గొయ్యి లోపలి వైపుకు మెట్లు దిగిన గుడి కోనేరులా కనిపించింది. "ఇది ఎవరు కట్టిన్రు?" అని అడిగితే అల్లుడు చెప్పాడు. 1917, 18 ప్రాంతంలో రే లాంబర్ట్ అనే పార్కుల కమిషనరు జైలు ఖైదీల చేత పని చేయించి చాలా తక్కువ ఖర్చుతో కట్టించాడట. ఆ మాట విన్న తర్వాత నేను కట్టిన రాళ్లను ఇంకో రకంగా చూశాను. ప్రతి రాయినీ ఎవరో ఒకరు భుజం మీద మోసి ఉంటారు. కమిషనరు పేరు అందరూ చెప్తారు, రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. మా గని దగ్గరా అంతే. ప్రారంభించిన మంత్రి పేరుతో శిలాఫలకం ఉంటుంది.

ఆ తోటలో జింగూ అనే జపాన్ కుటుంబం ఉండేది. తోటను చూసుకుంటూ, వచ్చినవాళ్లకు టీ అమ్ముకుంటూ పిల్లలను పెంచుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ శత్రుదేశం కాగానే 1942లో వాళ్లను ఖాళీ చేయించారు. నీళ్లు, కరెంటు కూడా ఆపేశారట. తోట పేరును చైనా తోట అని మార్చారు. గేటు మీద ఆ చైనా పేరు ఇప్పటికీ ఉంది. చెట్టు కాండంలా కనిపించేలా సిమెంటుతో చేసిన ఆ గేటు డియోనిసియో రోడ్రిగెజ్ అనే మెక్సికన్ పనివాడి పనితనం. 1984లో జపాన్ తోట అన్న పేరు తిరిగి పెట్టారు. మా ఆవిడ గేటు కింద చాలాసేపు నిలబడి "గా పిల్లలు ఎటు పోయిన్రో" అంది. ఆమెకు అది వాళ్ల నాన్న కథలా తోచిందని నాకు తెలుసు. పాత గని కాలనీ ఖాళీ చేయమన్నప్పుడు వాళ్లు మంచిర్యాల నుంచి తెచ్చుకున్న వేప మొక్క అప్పటికి పెద్ద చెట్టయింది. దాన్ని వదిలి వచ్చారు.

తిరుగు ప్రయాణంలో ఐ 35 రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయింది. రెండు గంటల్లోపు దూరం, చీకటి పడ్డా ఇల్లు రాలేదు. మనవడు నిద్రపోయాడు. నేను అల్లుణ్ణి వదల్లేదు. "ఇట్లాంటివి ఇంకెక్కడన్నా ఉన్నయా?" అని అడిగితే పక్కన కూర్చున్న కూతురు ఫోనులో వెతికి చదివి వినిపించింది. ఫ్రాన్స్‌లో ఒకటి ఉందట, దూయె లా ఫొంతెన్ అనే ఊళ్లో, 1961లో తెరిచారు. కానీ నన్ను పట్టేసింది కెన్యా కథ.

మొంబాసా దగ్గర బాంబురి అనే చోట 1954 నుంచి సిమెంటు కోసం పగడపు సున్నపురాయి తవ్వారు. తవ్వినచోట మిగిలింది వట్టి రాయి. మట్టి లేదు, నీడ లేదు, కొద్ది లోతులోనే ఉప్పునీళ్లు. 1971లో రెనె హాలర్ అనే వ్యవసాయ నిపుణుడికి ఆ కంపెనీ ఈ నేలను బాగుచేసే పని అప్పగించింది. ఆయన 26 రకాల చెట్లు నాటి చూస్తే మూడే బతికాయి. వాటిలో బాగా నిలబడింది సరుగుడు. మన కోస్తాలో సముద్రపు ఒడ్డున ఇసుకలో పెంచే సరుగుడే. దాని వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తాయి, అందుకే పేదనేలలో కూడా పెరుగుతుంది. చెట్లయితే పెరిగాయి, రాలిన సూదుల్లాంటి ఆకులు మాత్రం కుళ్లలేదు. ఆకు కుళ్లకపోతే మట్టి ఎక్కడి నుంచి వస్తుంది? ఒకరోజు ఆయనకు ఆ ఆకులు తింటున్న ఎర్రకాళ్ల రోకలిబండ పురుగు కనిపించింది. అలాంటివాటిని వందలకొద్దీ తెచ్చి వదిలాడు. అవి ఆకును నమిలి వేసిన దాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టాయి. అలా నల్లమట్టి ఏర్పడటం మొదలైంది. తర్వాత రకరకాల చెట్లు, చేపల చెరువులు, జింకలు, జిరాఫీలు, నీటిగుర్రాలు వచ్చాయి. ఇప్పుడు ఆ చోటును ఆయన పేరుతోనే హాలర్ పార్కు అంటున్నారు. 2004 సునామీలో తల్లి తప్పిపోయిన ఓవెన్ అనే నీటిగుర్రం పిల్లను అక్కడికే తెచ్చారు. అది వందేళ్లు దాటిన ఒక తాబేలును అంటిపెట్టుకుని తిరిగిందని అప్పట్లో పేపర్లలో చదివిన గుర్తు చాలామందికి ఉంటుంది.

రోకలిబండ దగ్గర కూతుర్ని ఆపి మళ్లీ చదవమన్నాను. మేమూ డంపుల మీద మొక్కలు నాటాం. ఏటా వానాకాలం మొదట్లో ఒక కార్యక్రమం, గుంతలు, ఫోటోలు. గని తవ్వాలంటే పైనున్న మట్టీ రాయీ తీసి పక్కన పోయాలి, దాన్నే ఓబీ డంపు అంటాం. ఆ డంపు మీద పైకి వచ్చేది అడుగునున్న ముడిరాయి, మొక్క బతికే పైమట్టి ఎక్కడో కిందికి పోతుంది. పైమట్టిని విడిగా తీసి పెట్టి చివర్లో పరచాలని మాకు తెలుసు, కాగితం మీద ఉంటుంది కూడా. అది జరిగిన చోట చెట్లు నిలిచాయి, జరగని చోట సర్కారు తుమ్మ తప్ప ఏదీ నిలవలేదు. ఎవరైనా ఒక మనిషి ఏళ్ల తరబడి అదే డంపు మీద తిరిగి, ఆకు కుళ్లుతోందా లేదా అని వంగి చూసి ఉంటే బాగుండేది అని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను.

టెక్సాస్‌లో మిగతా రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు. తిరిగి వచ్చిన కొద్ది రోజులకే బావమరిది ఇంట్లో పూజ ఉందంటే దుర్గాపూర్ బయల్దేరాం.

బల్లార్‌పూర్ నుంచి చాందాకు, అంటే చంద్రపూర్‌కు, ఎస్టీ బస్సు, మహారాష్ట్ర సర్కారుది. 2025 జనవరిలో ఛార్జీలు పెంచినప్పటి నుంచి మా ఆవిడకు ఇదే గొడవ. మహారాష్ట్రలో 2023 మార్చి నుంచి ఆడవాళ్లకు సగం టికెట్. అదే తెలంగాణలో ఆ ఏడాది డిసెంబరు నుంచి మొత్తం ఉచితం. "మా అక్క మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ దాంక పైస లేకుంట పోతది. నేను ఈ పదిహేను కిలోమీటర్లకు పైసలు కట్టాలె" అని కండక్టరుకు తెలుగులోనే చెప్పింది. ఆయన మరాఠీలో నవ్వుతూ ఏదో అని చిల్లర ఇచ్చాడు.

మా వెనక సీట్లో ఒక కుర్రాడు "ఏ ఊరు పెద్దమ్మా మీది?" అని తెలుగులో పలకరించాడు. రాజురా వైపు పిల్లాడు. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, 1956 తర్వాత ఇటు వచ్చిన తాలూకా కాబట్టి అక్కడ తెలుగు ఇళ్లలో ఇంకా బతికే ఉంది. అటవీ శాఖ గ్రామాల్లో పెట్టిన ప్రాథమిక ప్రతిస్పందన దళంలో పనిచేస్తున్నానని చెప్పాడు. ఊరి దగ్గరికి పులి వస్తే ముందు వెళ్లి జనాన్ని ఆపేది ఈ పిల్లలే. చేతిలో కర్ర, ఈల, టార్చి. జీతం అడిగితే చెప్పడానికి మొహమాటపడ్డాడు.

"దుర్గాపూరా? సాయంత్రం ఆరు దాటినంక బయటికి పోకుండ్రి తాతా" అన్నాడు.

"పులులు అంత దగ్గరికి ఎందుకొస్తున్నయి నాయనా? తాడోబా అడవిలో జాగ లేదా?"

"జాగ సాలట్లేదు. పిల్ల పులి పెద్దదైతే తల్లి ఎల్లగొడ్తది, దానికి సొంత జాగ కావాలె. నడుసుకుంట వస్తే మొదలు దొరికేది డంపులే. మీది సర్కారు తుమ్మ, గుబురు. ఎండకాలంల కూడ బొగ్గు ఖదాన్ల నీళ్లు ఉంటయి. పందులు ఉంటయి. మనుషులు మీదికి ఎక్కరు. పులికి ఇంకేం కావాలె చెప్పుండ్రి?"

మాట్లాడుతుంటే చాందా వచ్చేసింది. థర్మల్ స్టేషన్ ఆవరణలోనే ఒక ఆడపులి పిల్లల్ని పెట్టిందని, చిరుతలు ఎక్కువగా కుక్కల కోసం కాలనీల్లోకి వస్తాయని, కాలనీవాళ్లు చెత్త ఆరుబయట పడేయకుండా ఉంటే పందులూ కుక్కలూ తగ్గి సగం ప్రమాదం పోతుందని చెప్పాడు. పులిని తిట్టలేదు, జనాన్నీ తిట్టలేదు. నిరుడు తమ ఊళ్లో ఇప్ప పూలు ఏరడానికి తెల్లవారుజామున వెళ్లిన ఒక అమ్మను పులి చంపిన రోజు గురించి చెప్తున్నప్పుడు గొంతు తగ్గింది. జనం కోపంతో తమ మీదే రాళ్లు వేశారట. "ఆల్లది తప్పు కాదు" అన్నాడు. దిగేటప్పుడు మా ఆవిడ అతని చేతిలో నాలుగు లడ్డూలు పెట్టింది. పూజ కోసం చేసినవి.

మహారాష్ట్రలో పులులు ఎక్కువగా ఉన్నది మా జిల్లాలోనే. తాడోబా 1955లో జాతీయ ఉద్యానం అయింది, ఈ రాష్ట్రంలో అన్నిటికంటే పాతది. 1995లో అంధారీ అభయారణ్యాన్ని కలిపి టైగర్ రిజర్వు చేశారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి జిప్సీ జీపుకూ గైడుకూ గేటుకూ కలిపి వేలకు వేలు కట్టి చూసి వెళ్తారు. ఇన్నేళ్లు ఇక్కడ బతికి నేను ఒక్కసారి కూడా ఆ జిప్సీ ఎక్కలేదు. ఎక్కే స్తోమత ఉన్నవాళ్లు మా షిఫ్టుల్లో ఎవరూ లేరు.

బావమరిది ఇంటి డాబా మీది నుంచి డంపు కనిపిస్తుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు అలాంటివి బోడిగా, బూడిద రంగులో ఉండేవి. ఇప్పుడు ఆ వాలంతా పచ్చగా ఉంది. దూరం నుంచి చూసినవాడు సహజమైన గుట్ట అనుకుంటాడు. నాకు బెంచీల అంచులు కనిపిస్తూనే ఉన్నాయి. శాన్ ఆంటోనియోలో సొసైటీ పెట్టి, గోడ కొలిచి, కందకం తవ్వి, ఏ జంతువును ఎక్కడ ఉంచాలో నిర్ణయించి చేశారు. ఇక్కడ ఎవరూ నిర్ణయించలేదు. తవ్వడం అయ్యాక మనుషులు వెళ్లిపోయారు, తుమ్మ వచ్చింది, తుమ్మలోకి పంది వచ్చింది, పంది వెనక పులి వచ్చింది. కందకం లేదు. అటు పులి, ఇటు మా మేనకోడలి పిల్లలు ఆడుకునే వీధి, మధ్యలో అక్కడక్కడ తెగిన జాలీ కంచె.

"బావా, పొద్దుగూకింది, కిందికి రా" అని బావమరిది పిలిచాడు. పూజ అయ్యాక భోజనాల దగ్గర నేను క్వారీ జూ సంగతి అందరికీ చెప్పాను. రోకలిబండల కథ పిల్లలకు బాగా నచ్చింది. బావమరిది మాత్రం అన్నం కలుపుతూ ఆగి, "మన దగ్గర జూ ఎవడు కట్టమన్నడు బావా? పులి ఉన్నకాడ పులి ఉండనీ. నీ ఇంటికాడి గుంత సంగతి సూడు ముందుగాల" అన్నాడు.

అతను చెప్పిన గుంత బల్లార్‌పూర్‌లో మా బస్తీ చివర ఉంది. రోడ్ల కంకర కోసం ఎప్పుడో తవ్వి వదిలేసిన రాతి క్వారీ. బొగ్గు గనులకైతే 2009లో మూసివేత మార్గదర్శకాలు వచ్చాయి. ఓపెన్‌కాస్టుకు అప్పట్లో హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్క పెట్టారు, ఏటా కొంత విడి ఖాతాలో జమ చేయాలి, ఆ డబ్బు గోతిని సరిచేయడానికే వాడాలి. మా కంకర క్వారీ తవ్వినవాళ్లు అంతకు ఎంతో ముందే మిషన్లు తీసుకుని వెళ్లిపోయారు. చుట్టూ కంచె లేదు, లోతు రాసిన బోర్డు లేదు. వానాకాలంలో నిండితే నీళ్లు ఆకాశం రంగులో ఉంటాయి, పిల్లలు ఆగలేరు. క్వారీ నీళ్లు చెరువు నీళ్లలాంటివి కావు. ఒడ్డు నుంచి ఒక్క అడుగు వేస్తే నేల ఉండదు, గోడ నిటారు, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మా వీధి చివరింటి అబ్బాయి పోయింది అందులోనే. తొమ్మిదో తరగతి చదివేవాడు. ఆ రోజు తాళ్లు పట్టుకుని దిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

పెద్ద పెద్ద మాటలు పక్కన పెట్టి ఆ రాత్రే కాగితం తీసి కూర్చున్నాం. జూ కట్టాలంటే కేంద్ర జూ అథారిటీ అనుమతి కావాలి, పశువైద్యులు కావాలి, ఏళ్ల తరబడి డబ్బు కావాలి. మాకు కావలసింది అది కాదు. నాకు తెలిసిన పని నేను రాశాను. మొదట చుట్టూ కంచె. తర్వాత ఒక వైపు గోడ పగలగొట్టి మెట్టు మెట్టుగా వాలు చేయాలి, పడ్డవాడు ఎక్కి రావడానికీ, పశువులు నీళ్లు తాగడానికీ. పగలగొట్టిన రాయిని అడుగున వేసి ఆ వైపు లోతు తగ్గించాలి. పై అంచున మట్టి పోసి వేప, చింత, కానుగ నాటాలి. తుమ్మ పెరగనివ్వకూడదు, పెరిగితే పందులు చేరతాయి, మిగతాది దుర్గాపూర్‌లో చూశాం. మేనల్లుడు దాన్నంతా మరాఠీలో దరఖాస్తుగా రాశాడు. వాడు ఇక్కడి కాలేజీలో చదివాడు, వాడి మరాఠీ చూస్తే తెలుగు ఇంటివాడని ఎవరూ అనరు.

ఇంటికి వచ్చాక బస్తీలో సంతకాలకు తిరిగాం. మా ఆవిడే ఎక్కువ తిరిగింది. కొందరు "సంతకం పెడితే ఏమైతది?" అన్నారు. ఆ అబ్బాయి తల్లి మాత్రం ఏమీ అడగకుండా పెన్ను తీసుకుంది. కాగితం నగరపరిషత్‌లో ఇస్తే లోపల స్టాంపు వేసిన నకలు ఒకటి మాకు తిరిగి ఇచ్చారు, కొలతలకు మనిషిని పంపుతామన్నారు. ఇంకా ఎవరూ రాలేదు. నేను టేపు పట్టుకుని వెళ్లి చుట్టుకొలత తీసి పెట్టాను, కంచెకు ఎన్ని స్తంభాలు కావాలో లెక్క వేశాను. జూన్ రెండో వారంలో మాకు వానలు మొదలవుతాయి. గుంత నిండకముందే కనీసం బస్తీ వైపైనా కంచె పడాలి. వాళ్లు ఆలస్యం చేస్తే ఆ ఒక్క వైపుకు అయ్యే ఖర్చు చందాలు వేసుకుని మేమే పెడదామని బావమరిది అంటున్నాడు. స్తంభాల ధర కనుక్కోవడానికి రేపు రాజురా వెళ్తున్నాం.